ఉప ఎన్నికలో పాతిన రాళ్లు

మొన్న కోస్గిలో మా జూనియర్ కాలేజీ స్టాఫ్ రూములో చాయ్ తాగుతుంటే, లెక్కల సారు ఫోన్లో వార్తలు చూస్తూ నిట్టూర్చాడు. ఎక్కడో ఉప ఎన్నిక రాబోతోందట. "వాళ్ల నసీబు మంచిగుంది మేడం. మనకు గూడ ఒకటి వస్తే ఎంత మంచిగుండు! మన ఎమ్మెల్యే జర రాజీనామ జేస్తే సాలు, రోడ్లు, మోర్లు అన్ని అయితయి" అన్నాడు. పక్కనున్న సివిక్స్ సారు "రాజీనామనే అక్కర్లేదు, ఆయనకు ఏదన్న అయినా సరే" అని కన్ను గీటాడు. అందరూ పగలబడి నవ్వారు. పిల్లలకు రాజ్యాంగం చెప్పే నోరు అది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా ఊరికొచ్చింది సారూ ఒకటి. కావాలంటే మీరే తీస్కపోండ్రి" అని గ్లాసు అక్కడే పెట్టి క్లాసుకు పోయాను. ఇరవై ఆరేళ్ల పిల్లకు జ్ఞాపకాలేంటని ముక్కున వేలేసుకునేవాళ్లు వేసుకోండి. ఒక ఉప ఎన్నికను ఇంట్లో కూర్చోబెట్టుకుని అన్నం పెట్టినవాళ్లకు ముసలితనం తొందరగానే వస్తుంది.

మాది నల్లగొండ జిల్లాలో సాగర్ కాలువ కింద ఊరు. మా వాడలో సగం ఇళ్లు చర్చికి పోయేవి, సగం ఎల్లమ్మను కొలిచేవి, కాని చచ్చిపోయినవాళ్లంతా ఒక్కచోటికే పోయేవాళ్లు. ఊరవతల కాలువ కట్ట దిగువన ఉన్న ఆ జాగాను బొందలగడ్డ అనేవాళ్లం. కాలువ రాకముందు దాన్ని ఎవడూ కన్నెత్తి చూడలేదట. నీళ్లొచ్చి చుట్టుపక్కలంతా వరి అయ్యాక, దాన్ని ఆనుకున్న పొలం పటేలుకు దాని మీద ప్రేమ పుట్టింది. ఏటా దున్నేటప్పుడు ఒక సాలు లోపలికి జరిగేవాడు. ఒకేసారి జరిగితే దొంగతనం అంటారు, సాలు సాలుగా జరిగితే వ్యవసాయం అంటారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా తాత బొంద మీదికి పొలం గెట్టు జరిగింది, మరుసటేడు ఆ బొంద మీద నాట్లు పడ్డాయి. పటేలు పొలంలో నాట్లంటే మా అమ్మ కూడా పోయేది, పూట గడవాలి కదా. అవ్వ మాత్రం ఊరందరి పొలాల్లో వంగింది కాని అందులో దిగలేదు. ఎవరన్నా పిలిస్తే "మొగని మీద నాటేస్తనా నేను?" అనేది. పిలిచినవాళ్లు మళ్లీ పిలిచేవాళ్లు కారు.

మా అవ్వ అంటే మా బాపు తల్లి. పొద్దున్నే బొగ్గు నమిలి పళ్లు తోముకుని, స్టీలు గ్లాసులో చాయ్‌లో రస్కు ముంచుకుని తిని, వాకిట్లో కట్టెలపొయ్యి అంటించేది. ఇంట్లో గ్యాసు ఉన్నా ఆమె రొట్టె మాత్రం ఆ పొయ్యి మీదే. జొన్నపిండి కాలే వాసన, పచ్చికట్టె పొగ, ఆమె కొంగుకు అంటిన తంబాకు వాసన కలిస్తేనే మా ఇంట్లో తెల్లవారినట్టు. బాపు అప్పటికే పంచాయతీ నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి వాల్వు తిప్పి వచ్చేవాడు. ఆయన పేరు యాకోబు, వాడ చర్చికి సంఘపెద్ద. మాట ఇచ్చాడంటే ఇచ్చాడంతే, దాని గురించి రెండోసారి ఆలోచించడం ఆయనకు చేతకాదు. రొట్టె తింటూ అవ్వ రోజూ ఒక్కటే అడిగేది. "యాకోబూ, నన్ను యాడ వెడ్తవురా?" బాపు తల వంచుకుని తినేవాడు. గెట్టు దాటి వచ్చిన వరికి, కాలువ కట్టకు మధ్య అప్పటికి మిగిలింది ఒక పట్టీ అంత నేల. అదీ ఎప్పుడు పోతుందో తెలియదు.

అప్పుడు వచ్చింది ఉప ఎన్నిక. మా ఎమ్మెల్యే నియోజకవర్గం అభివృద్ధి కోసం రాజీనామా చేస్తున్నానని ప్రకటించాడు. పదవిలో ఉన్నన్నాళ్లూ కుర్చీ అరిగేలా కూర్చున్నవాడు, లేచాక అభివృద్ధి చేస్తాడట. ఏనాడూ మా ఊరి మొహం చూడనివాళ్లంతా కార్లేసుకుని దిగబడ్డారు. ఊరికి ఇద్దరు ముగ్గురు పెద్ద నాయకులు, వాళ్ల కింద వాడకొక ఇంచార్జి. మా వాడకు వచ్చినాయన వేరే జిల్లావాడు, ఏదో కార్పొరేషన్‌కు మాజీ చైర్మన్. ఏ కార్పొరేషనో అడిగితే ఆయనకే రెండు నిమిషాలు పట్టేది. కంటికి కనబడిన ఆడదాన్నల్లా "అమ్మా" అనేవాడు, నన్ను కూడా. ఊళ్లో వేరే మేడలు లేనట్టు పటేలు ఇంటి పైభాగం కిరాయికి తీసుకుని అందులో మకాం పెట్టాడు. ఆ సంగతి వాడందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక్కరికీ అనుమానం తట్టలేదు, నాకూ తట్టలేదు. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నానని తెగ విర్రవీగే రోజులవి.

ఒకనాడు పొద్దున ఆయన పదిమందితో మా ఇంటికొచ్చి, నేల మీద చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "అవ్వా, నీ చేతి రొట్టె తింట" అన్నాడు. అవ్వ పాపం మంచి రొట్టె ఏరి, పచ్చిపులుసు పోసి పెట్టింది. ఆయన ముక్క తుంచి నోటి దాకా తీసుకుపోయి ఆపాడు. కెమెరా అబ్బాయి సరిగ్గా రాలేదన్నాడు. మళ్లీ తుంచాడు. వెలుతురు అడ్డమొచ్చిందన్నారు. పళ్లెం తలుపు వైపు తిప్పి మూడోసారి తుంచాడు. చివరికి కూడా నోట్లో పెట్టుకున్నట్టు నాకు కనబడలేదు. తన నీళ్ల సీసా తనే తెచ్చుకున్నాడు కాబట్టి మా నీళ్ల అవసరం కూడా రాలేదు. అవ్వ చూసి చూసి అడిగింది. "ఫోటో అయిందా బిడ్డా? అయితే ఇగ తిను."

ఆయన పెద్దగా నవ్వి, అవ్వ కాళ్లకు దండం పెట్టి, ఏం కావాలో అడగమన్నాడు. బయట నిలబడ్డవాళ్లు ఇల్లని, పెన్షనని అందిస్తున్నారు. అవ్వ వాళ్ల వైపు చూడనే లేదు. "నాకు మా ముసలాయన పక్కకు జాగ గావాలె. మా బొందలగడ్డ మాకు గావాలె" అంది. "గింతేనా అవ్వా? రెండు రోజులల్ల అయితది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఏళ్ల తరబడి బాపు చెప్పులరిగేలా తిరిగినా కదలని పని, సరిగ్గా రెండో రోజుకే అయిపోయింది. సర్వేయరంటూ ఒకాయన గొలుసు పట్టుకొచ్చాడు. కోతలైపోయి పొలం ఎండి ఉంది. పటేలు పొలంలో అంత దూరం నడిచి, మా తాత బొందకు అవతల, గట్టి రాళ్లు నాలుగు మూలలా పాతించి సున్నం కొట్టించాడు. పటేలు గెట్టు మీద చేతులు కట్టుకుని నవ్వుతూ చూస్తున్నాడు. ఓడిపోయినవాడి నవ్వు అలాగే ఉంటుందేమో అనుకున్నాం. అవ్వ ఒక్కో రాయి దగ్గరికీ పోయి చేత్తో తడిమి వచ్చింది. ఆనాటి నుంచి రోజూ పొద్దుగుంకేదాకా ఆ రాళ్ల మధ్య కూర్చుని రావడం ఆమెకు పనైంది.

నేనొక్క మాట మాత్రం అడిగాను. "సార్, రాళ్లు పాతిన్రు, మరి కాయితం?" అన్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "సదువుకున్న పిల్లవు, నీకు నేను జెప్పాల్నా? ఎలక్షన్ కోడ్ ఉంది గద తల్లీ. కోడ్ ఉన్నప్పుడు కాయితం ఇస్తే మా మీద కేసయితది. రిజల్ట్ రాంగనే పట్టా మీ ఇంటికి నడుసుకుంట వస్తది." రాళ్లకు లేని కోడ్ కాయితానికి ఎక్కడిదని అడగాలి. అడగలేదు, ఎందుకంటే బాపు నన్ను ఉరిమి చూశాడు. ఇంటికొచ్చాక కూడా తిట్టాడు. "గెట్టు రాయి పాతినంక ఇగ కాయితమెందుకే? రాయిని మించిన సాచ్చం ఉంటదా?" ఆయన నమ్మకం అది. మనిషన్నవాడు పాతిన హద్దు రాయిని కదిలించడని ఆయన ఆదివారం ఆదివారం నిలబడి చెప్పేవాడు. పక్కనే గెట్టు ఏటా జరుగుతున్నా చెప్పేవాడు.

ఇక మా వంతు వచ్చింది. ఇంచార్జి మావాళ్ల దగ్గర ప్రమాణం అడిగాడు. వాడ వాడంతా తన గుర్తుకే వేస్తామని దేవుడి ముందు చెప్పాలి. ఆదివారం ఆరాధన అయ్యాక బాపు చర్చిలో ముందు నిలబడి తన చెయ్యి బల్ల మీద పెట్టాడు. రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల అది. మామూలు రోజుల్లో పిల్లలు దాన్ని ముట్టుకుంటే దెబ్బలు పడేవి. ఆ రోజు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెయ్యి పెట్టి పోయారు. ఎల్లమ్మను కొలిచేవాళ్లు గుమ్మం దగ్గర పసుపుబియ్యం పట్టుకుని అదే మాట అన్నారు. ఇంచార్జి చెప్పులు విప్పి మూలన నిలబడి తలలు లెక్కపెట్టుకున్నాడు. నా మొదటి ఓటు అది. ఎవరికి వేయాలో ఆలోచించుకునే భాగ్యం ఒక్కరోజన్నా నాకు దక్కలేదు. నేనూ పోయి చెయ్యి పెట్టాను. అవ్వ కోసం పెట్టానని ఇప్పుడు చెప్పుకుంటే బాగానే ఉంటుంది కాని, బాపు మొహం చూసి పెట్టాను. పోలింగ్ రోజు వాడంతా వరుస కట్టి పోయింది. ఒక్క ఓటు పక్కకు పోలేదు. కావాలంటే నేను కూడా ప్రమాణం చేస్తాను.

ఇంచార్జి పార్టీయే గెలిచింది. టపాకాయల కాగితాలు ఊడ్చేలోపే కార్లన్నీ మాయమయ్యాయి. మా ఇంచార్జి పోయేముందు వాడకు వచ్చి దండం పెడతాడని బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పట్టా నడుచుకుంటూ రాలేదు. వానాకాలం నాట్లు మాత్రం వచ్చాయి. ఒకనాడు బాపు కాలువ వైపు పోయేసరికి నాలుగు మూలల రాళ్లూ లేవు. మిగిలిన పట్టీ కూడా దున్ని, నీళ్లు పెట్టి, కాలువ కట్ట దాకా మడులు చేసి, మధ్యలో నడవడానికి ఒక పెద్ద గెట్టు వేశారు. బాపు వెంట నేనూ పటేలు ఇంటికి పోయాను. ఆయన కోపంగా లేడు, అదే నాకిప్పటికీ మింగుడుపడదు. కూర్చోమన్నాడు కూడా.

"యాకోబూ, నీకు గింత గూడ తెల్వదా? ఆయన మా మేడ మీదనే ఉండె. రాళ్లు పాతేముందు నన్నే అడిగిండు. పటేలా, ఎలక్షన్ దాక ఓపిక వట్టు, అటెన్క నీ ఇష్టం అన్నడు. సరే అన్న. ఆ రాళ్లు గూడ నా ట్రాక్టర్ మీదనే వచ్చినయి."

"మరి మేం జేసిన ప్రమాణం?" అన్నాడు బాపు.

"అది మీరు, మీ దేవుడు సూస్కోండ్రి. నా ఓటు గూడ ఆయనకే ఏసిన."

బాపు ఇంచార్జికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నంబరు ఎప్పుడూ అందుబాటులో లేదు. ఎమ్మెల్యే ఆఫీసుకు పోతే సర్వే రిపోర్టు తెమ్మన్నారు. తహసీలు ఆఫీసులో అడిగితే అక్కడి గుమస్తా ఫైలు మీదనుంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "ఎలక్షన్ కోడ్ల సర్వే ఎట్ల జేస్తం? మా సర్వేయర్ మీ ఊరికి రానే రాలే." అయితే గొలుసు పట్టుకొచ్చినవాడెవడు? నాకీరోజుకీ తెలియదు. ఇంటికొచ్చాక అవ్వ అడిగితే, జీవితంలో అబద్ధమాడని మా బాపు ఆమెకొక అబద్ధం చెప్పాడు. "మడిల నీళ్లు వెట్టిన్రు అవ్వా. రాళ్లు మునిగినయి, కనవడ్తలేవు" అన్నాడు. అవ్వ రస్కు గ్లాసులో వదిలేసి ఆయన్నే చూసింది. "రాళ్లు మునిగేటన్ని నీళ్లు వెడ్తరార వరికి?" అంది. బతుకంతా నాట్లేసిన మనిషికి అలాంటి అబద్ధం చెప్పినందుకు బాపు మీద నాకు కోపం వచ్చింది, జాలి కూడా వచ్చింది. అవ్వ ఇక యాడ వెడ్తవురా అని అడగడం మానేసింది.

వరి పొట్టకొచ్చే రోజుల్లో ఒక పొద్దున చాయ్ తాగి, పొయ్యి అంటించకుండానే గోడకానుకుని అలాగే పోయింది. వాడంతా ఏడ్చింది కాని అందరి కళ్లల్లో ఒకే భయం, ఎక్కడ పెట్టాలని. బాపు పటేలు దగ్గరికి పోయి చేతులు జోడించాడు. అంతకుముందు ఆయన ఆ మనిషి ముందు చేతులు జోడించడం నేను చూడలేదు. పటేలు గొప్ప దయ చేస్తున్నట్టు చెప్పాడు. "మడిల వద్దు, పంట ఖరాబయితది. ముసలాయన ఉన్న కాడ పెద్ద గెట్టు ఉంది గద, దాంట్ల వెట్టుకోండ్రి. మీద మన్ను కుప్ప వొయ్యొద్దు, సిలువ నాటొద్దు. మనుషులు నడిసే తొవ్వ." ఊరుకోవద్దు బాపూ, మడిలోనే తవ్వుదాం, పోలీసులొస్తే రానీ అని నేను అరిచాను. "నీ లొల్లి కోసం అవ్వను ఎంతసేపు ఎండల వెడ్దామే?" అన్నాడు. తవ్వుతుంటే రెండు పక్కల మడుల నీళ్లు గుంటలోకి ఊరుతూనే ఉన్నాయి. నలుగురు బకెట్లతో తోడుతుండగానే పెట్టె దించారు. పైన మన్ను చదును చేసి, కాళ్లతో తొక్కి గట్టి చేశారు. తొక్కినవాళ్లలో బాపు ఉన్నాడు. పటేలు పొలంలో కలుపుకు పోయే మా వాడ ఆడవాళ్లు ఇప్పటికీ ఆ చోటికి రాగానే గెట్టు దిగి, మోకాళ్లదాకా బురదలో నాలుగడుగులేసి, మళ్లీ గెట్టెక్కుతారు. వాళ్లకెవరూ చెప్పలేదు.

తర్వాత మామూలు ఎన్నికలొచ్చాయి. ఈసారి ఆ గుర్తుకు వేసేది లేదని వాడ పోరగాళ్లు ఎగిరిపడ్డారు. బాపు ఒప్పుకోలేదు. "వాడు మాట తప్పితే వాని పాపం. మనం తప్పితే మనది. బల్ల మీద చెయ్యి వెట్టిననాడు ఒక్క ఎలక్షన్‌కే అని అన్నమా?" అన్నాడు. నిజమే, ఎవరమూ గడువు పెట్టలేదు. దేవుడి దగ్గర గడువు పెట్టాలని తోచేంత తెలివి మాకెక్కడిది? ఆ తెలివంతా మేడ మీద ఉన్నవాళ్లది. నేను బాపుతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆ వారమే, మేం గెలిపించిన ఎమ్మెల్యే పొలాల వెంట ప్రచారానికి వచ్చాడు. కలుపు తీసే ఆడవాళ్ల దగ్గరికి పోతే ఫోటో బాగా వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. తెల్లబట్టల్లో, కండువాతో, పెద్ద గెట్టు మీద నడుచుకుంటూ వస్తున్నాడు. సెలవులకు వచ్చిన నేను అమ్మకు సద్ది తెచ్చి మడి దగ్గరే ఉన్నాను. ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచి "సారూ, దిగు! గెట్టు దిగు!" అని అరిచారు. జారిపడతానని భయపడుతున్నారనుకున్నాడు మహానుభావుడు. "ఏం గాదమ్మా, నేను గూడ రైతు బిడ్డనే" అని నవ్వుతూ వచ్చి, సరిగ్గా అవ్వ మీద ఆగి, కెమెరా వైపు తిరిగి చేతులు జోడించాడు. బూట్లేసుకుని ఉన్నాడు. గెట్టు మొదట్లో ట్యాంకు పైపు బాగుచేస్తూ బాపు అంతా చూశాడు. పానా అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన బల్ల పక్కన నిలబడ్డాడు. ఎల్లమ్మను కొలిచేవాళ్లను కూడా పిలిపించి గుమ్మంలో నిలబెట్టాడు. "ఈ బల్ల మీద మీ చేతులు వెట్టిచ్చింది నేను. తప్పు నాది. ఆ మాట ఇయ్యాల ఇడిపిస్తున్న. ఎవలకిష్టమొచ్చినట్టు వాళ్లు ఏసుకోండ్రి. పాపముంటే నా నెత్తి మీదనే ఉండనీ" అన్నాడు. ఒక ముసలామె ఏడ్చింది. పోలింగ్ నాడు మా వాడ మొదటిసారి వరుస కట్టకుండా పోయింది. ఒక్కొక్కరుగా, వీలు చూసుకుని పోయి వచ్చారు. ఎవరికి వేశావని ఎవరూ ఎవర్నీ అడగలేదు. నేను కూడా నా ఇష్టం వచ్చినట్టు వేశాను. ఎవడికి వేసినా వాడూ ఒక వాడే, ఆ సంగతి నాకు తెలుసు. అయినా వేలి మీద సిరా చూసుకుంటే హాయిగా అనిపించింది.

బాపు మాత్రం ఇంట్లో లేడు. పొద్దున ట్యాంకు వాల్వు తిప్పి నేరుగా గెట్టు మీదికి పోయి, అవ్వను పెట్టిన చోట కూర్చున్నాడట. పోలింగ్ అయిపోయే వేళవుతుంటే నేను పరుగెత్తుకుంటూ పోయాను. "ఇంకా టైముంది బాపూ, పోదాం లే. అందరూ ఏసిన్రు. నువ్వే గద అందర్నీ ఇడిపిచ్చింది" అన్నాను.

ఆయన లేవలేదు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అందర్ని నేను ఇడిపిస్తి బిడ్డా. నన్నెవలు ఇడిపిస్తరు?" అన్నాడు.